అడితి బజారులో లేని కిటికీ

జూన్ 11, మంగళవారం

ఇది రాయకుండ ఊరుకుందామనే అనుకున్న. డైరీ పోయినేడుది, ఎరువుల షాపాయన ఉత్తగ ఇచ్చిండు. తారీకులకు వారాలు కలవవు, కొట్టేసి రాసుకోవాలె. డెబ్బై తొమ్మిదేండ్లు డైరీ లేకుండ బతికినోనికి ఇప్పుడేం ముంచుకొచ్చిందని పెన్ను మూత పెట్టిన, తీసిన, మళ్లీ పెట్టిన. కాని ఈ రోజు మీటింగులో ఒక నిజం చెప్పిన. అప్పటి సంది ఒక్క తాన కూర్చోలేకపోతున్న. అబద్ధం చెప్పినప్పుడు నాకెన్నడూ ఇట్ల కాలేదు.

మీటింగంటే వారసత్వ కమిటీ మీటింగు. మా పాలవాగులో అడితి బజారని ఒకటుంది. ఇరవై రెండు ఇండ్లు. జూలూరుపాడు నుంచి చండ్రుగొండ పోయే బస్సులో ఎడమ పక్క కూర్చుంటే కనపడుతది, ఒక తుమ్ము తుమ్మేలోపల అయిపోతది. వెనకట ఇక్కడ అడితి, అంటే కలప డిపో, నడిపిన టేకు కాంట్రాక్టర్లు కట్టుకున్న ఇండ్లు. రెండేండ్ల కింద ఇది చారిత్రక బజారని తేలింది. అప్పటి నుంచి వీధి వైపు రంగు మార్చాలన్నా, గ్రిల్లు పెట్టాలన్నా, అరుగు గీకాలన్నా అప్లికేషన్ పెట్టాలె. మేము నలుగురం కూర్చుని ఔనో కాదో చెప్తం. బలరాం చైర్మన్. పద్మప్రియ అని ఆర్కిటెక్టు పిల్ల ప్రతి మంగళవారం ఖమ్మం నుంచి బస్సులో వస్తది. ఇన్నయ్య వడ్రంగి. నాలుగోది నేను, చెంచురామయ్య, రిటైర్డ్ అడితి గుమస్తా. రిజిస్టర్‌లో నా పేరు ఎదురుగ 'మౌఖిక ఆధారం' అని ఉంటది. అంటే ఈ బజారుకు పాత ఫోటోలు లేవు, నేనున్న.

ఈ రోజు లిదియా అప్లికేషన్ వచ్చింది. లిదియా మగ్గం వర్కు చేస్తది. పెండ్లి జాకెట్ల మీద జరీ, పూసలు, చమ్కీలు. ముందు గది చీకటి గుయ్యారం. రెండు పక్కలా పక్కిండ్ల గోడలు, వెనక వంటిల్లు. బల్బు కింద పన్నెండేండ్లు కుట్టి కండ్లు మసకలైతున్నయ్. పగటి వెలుతురులో అయితేనే కుట్టు, లేకుంటే సూది వదిలెయ్ అన్నడట కొత్తగూడెం డాక్టరు. అరుగు మీద కూర్చుందామంటే బొగ్గు లారీలు, ఒక్క పూటకే జరీ నల్లబడుతది. అందుకని వీధి గోడకు మూడడుగుల కిటికీ అడిగింది. ఉత్తరం గోడ. ఎండ పడదు గాని వెలుతురు పొద్దంత ఒక్క తీరుగ ఉంటది.

రూలు ఏందంటే, వీధి గోడకు కొత్తగ బొక్క కొట్టద్దు. వెనకట ఉండి మూసేసింది అయితే మాత్రం తెరుచుకోవచ్చు. అందరూ నా దిక్కు చూసిన్రు.

ఆ గోడకు ఎన్నడూ కిటికీ లేదు అని చెప్పిన. పద్దెనిమిదేండ్ల వయసు నుంచి ఆ గోడకే దుంగలు ఆనించినం, కిటికీ ఉంటే ఎట్ల ఆనిస్తం అన్న. పద్మప్రియ రాసుకుంది. ఒకసారి రాసుకున్న మాట మార్చేది లేదు. చుట్టాల కోసం మాటలు మారుస్తున్నరని ఆ రూలు పెట్టించింది కూడ నేనే. ఆరు వారాలు ఆగి, జులై 23న ఆఖరు కాగితం ఇస్తరు.

లిదియా చెప్పులేసుకుంటు, పోనీలే తాతా, చూడనిది చూసినని ఎట్ల చెప్తవ్ అన్నది. తిట్టినా బాగుండు.

జూన్ 13, మధ్యాహ్నం 3

అన్నం తిని నడుం వాల్చిన. కల.

అడితిలో ఉన్న. లిదియా ఇంటి గోడకు దుంగలు ఆనించి ఉన్నయ్. ఒక్కొక్కటి లేచి, బడి వదిలిపెట్టినట్టు, వాటంతటవే అడవి దిక్కు నడుచుకుంటు పోయినయ్. చివరి దుంగ పోతు పోతు నాకు నమస్కారం పెట్టింది. దాని వెనక కిటికీ ఉంది. నాలుగు రెక్కలు. చేప ఆకారం గడియ. గూట్లో ఇప్పపూలు ఆరబోసి ఉన్నయ్. లోపల గది లేదు, వాన కురుస్తున్నది.

లేచేటప్పటికి చేతులకు ఇప్పపూల వాసన. సబ్బు పెట్టి కడిగిన.

జూన్ 14

నేను ఏ బడికీ పోలేదు. అడితిలో దుంగలు కొలిచే టేపు మీద అంకెలు నేర్చుకున్న, లారీల వెనక రాతలు చూసి అక్షరాలు. తర్వాత పాత పేపర్ల దుకాణంలో ఒక విజ్ఞాన సర్వస్వం దొరికింది. మొత్తం పద్నాలుగు సంపుటాలంట, నాకు దొరికింది ఒక్కటే. కంగారూ నుంచి గంధకం దాక. అందుకే కాఫీ గురించి, కొలంబో గురించి, క్షయ గురించి నన్ను ఎవరన్నా అడగచ్చు. చంద్రుడి గురించి అడిగితే మాట మారుస్త. కలలు ఎందుకొస్తయో ఆ సంపుటంలోనే ఉంటదని ఆశపడి ఈ పొద్దు తిరగేసిన. 'కలరా' నుంచి నేరుగ 'కలువ'. మధ్యలో పేజీ లేదు.

ద్వాలి హోటల్లో చాయ్ తాగుతు కల చెప్పిన. అరవై దాటిన ద్వాలి, హోటల్ ఆమెదే, పాలు పొంగించుకుంటు, ఈ వయసుల నీకు కిటికీలు కనపడుతున్నయా పెద్దాయనా, కిటికీల ఎవరన్న ఉన్నరా లేదా అది చెప్పు ముందు అన్నది. బెంచీ మీదోళ్లంత నవ్విన్రు. ఎవరూ లేరు, వాన ఉంది అన్న. వానకు ఇంత సిగ్గుపడతరా అన్నది. మళ్లీ నవ్విన్రు. చేప గడియ దగ్గర మాత్రం అందరూ ఊకున్నరు. బాగ చెప్పిన అనుకుంట.

జూన్ 16

మళ్లీ కిటికీ. ఈసారి ఒక రెక్క మూసి ఉంది.

జూన్ 19

పొద్దున వాన వెలిసినంక బజారు పొడుగూత నడిచిన. బలరాం ఇంటి ముందర జనం. ఇన్నయ్య నిచ్చెన మీద ఉన్నడు. స్తంభాల తలల మీద, చూరు కింద, ఆరు నెమళ్లు. కొత్త టేకు, ఇంక నూనె రాయలేదు, పచ్చగ మెరుస్తున్నయ్. మూతులు అడవి దిక్కు. బలరాం కింద నిలబడి, చూడు చెంచన్నా, నువ్వు చెప్పినట్టే, ఒక్క ఈక తప్పు పోలేదు అన్నడు.

అరుగు మీద కూర్చున్న.

ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్త. రెండేండ్ల కింద ఈ బజారు లిస్టు రాయనీకి పద్మప్రియ వచ్చింది. ఫోన్ నా మోకాలి మీద పెట్టి రెండు రోజులు విన్నది. తల ఊపుతు, ఊ కొడుతు, ఆ తర్వాత తాతగారూ అనుకుంటు. నా మాట అట్ల విన్నోళ్లు నా జన్మల లేరు. అంత బాగ వినే పిల్లకు మామూలు తలుపు, మామూలు స్తంభం అని ఎట్ల చెప్పేది? నిజం ఏందంటే, కాంట్రాక్టర్లు మంచి కర్ర మొత్తం అమ్ముకున్నరు. ఎవరూ కొనని వంకర కర్రతో ఇండ్లు కట్టుకున్నరు. ఆ వంకరలు నేనే కొలిచి పంపిన. కాని ఆ రెండు రోజులు నా నోటికి వంకర కర్ర రాలేదు. బలరాం ఇంటికి నెమళ్లు పెట్టిన. మూలింటి తలుపుకు పదకొండు ఇత్తడి గంటలు కట్టిన. ఇంకో ఇంటి పిట్టగోడకు నీలం రంగు వేసిన, అది వాన పడితేనే నీలం, ఎండకు తెలుపు అని చెప్పిన. అవన్నీ రిజిస్టర్‌లోకి ఎక్కినయ్. ఇప్పుడు పాత రూపానికి తేవాలంటే రిజిస్టర్ చూసి చేస్తరు.

మూలింటి ముందుకు పోయేసరికి గాలికి గంటలు మోగినయ్. లెక్కపెట్టలేదు. పదకొండే ఉంటయ్.

నా నోట్లో నేను నడుస్తున్నట్టుంది. ఇరవై రెండు ఇండ్ల బజారులో లిదియా గోడ ఒక్కటే నేను నిజం చెప్పిన గోడ. ఆ నిజం తగిలింది కూడ ఆమెకే.

జూన్ 25

లిదియా ఇంటికి పోయిన. మగ్గం చట్రం తలుపు దగ్గరికి జరిపి, తలుపు సందులోంచి వచ్చే చారెడు వెలుతురుకు ఎర్ర జాకెట్టు చేతి మీద లతలు కుడుతున్నది. లారీ వచ్చినప్పుడల్లా తలుపు మూసి, పోయినంక తెరుస్తది. నేను కూర్చున్న గంటలో ఇరవై సార్లు లేచింది.

చట్రం చండ్రుగొండలో వాళ్ల చిన్నమ్మ బిడ్డకు ఇచ్చేస్త అన్నది. కాగితం రానీ, కాదని రాసి ఉంటే ఆ రోజే ఇచ్చేస్త, ఇంట్ల ఉంటే చెయ్యి ఊకోదు తాతా, కండ్లు పోతయ్ అన్నది. మరి నువ్వేం చేస్తవ్ బిడ్డా అన్న. మా ఆయన బెంజమిన్ బడి వ్యాను నడుపుతున్నడు గద, తిండికేం కొదవ లేదు అన్నది. తర్వాత చాలాసేపటికి, తిండికి కాదు తాతా నేను కుట్టేది అన్నది. అని నాలుక కరుచుకుంది, పెద్ద మాట అన్నట్టు.

జులై 2, మంగళవారం

ఈ రోజు లేచి నిలబడి చెప్పేసిన. నెమళ్లు లేవు, గంటలు లేవు, నీలం గోడ లేదు, అన్నీ నేను పుట్టించినయే, రిజిస్టర్ మొత్తం కొట్టేసి మొదటి నుంచి రాయండి, రూలు కూడ సడలించండి అన్న. నా లెక్క ఏందంటే, బజారులో అసలు అంత చరిత్రే లేదని తేలితే లిదియా కిటికీని ఆపేదేముంటది?

ఎవరూ నమ్మలేదు.

బలరాంకు కోపం వచ్చింది. మా నాయన నన్ను భుజాన ఎక్కించుకోని ఆ నెమళ్ల ముక్కులు ముట్టిచ్చేటోడు, నా చెయ్యికి ఇంక గుర్తుంది, నువ్వు లేవంటవా అన్నడు. మీ నాయన ఆ వసారాకు వంకర కర్ర ఏరిపియ్యమని నన్నే అడిగిండు అన్న. చెంచన్నా, వయసు మీద పడ్డది, ఇంటికి పోయి పండుకో అన్నడు. ఇన్నయ్య మాత్రం గడ్డం గోక్కుంటు, నెమళ్లు మంచిగ కుదిరినయ్ కాకా, వెనకట ఉన్నయో లేవో నెమళ్లకేం తెలుసు అన్నడు.

పద్మప్రియ లేచి వచ్చింది. నాకు మంచినీళ్ల గ్లాసు అందించింది, రెండు చేతులతోటి. రోగులకు అట్ల ఇస్తరు.

జులై 3

కోపం.

జులై 4

ఇంక కోపమే. బెల్లం తిన్న, తగ్గలేదు. అరవై ఏండ్లు అబద్ధాలు చెప్తే ఊరంత తల ఊపిన్రు. ఒక్క పూట నిజం చెప్పిన, మతి పోయిందన్నరు.

మధ్యాహ్నం కలలో కిటికీ గూట్లో పద్మప్రియ ఫోన్ ఉంది. ఎవరూ మాట్లాడడం లేదు. అది రికార్డు చేసుకుంటున్నది.

జులై 9, మంగళవారం

మీటింగుకు పిలవలేదు. మీటింగు అయినంక పద్మప్రియనే మా ఇంటికి వచ్చింది. భద్రాచలం దగ్గర గోదారి పెరుగుతున్నదని, బస్సులు ఏ రూట్లో పోతున్నయో తెల్వదని, కాసేపు వాటి గురించే మాట్లాడింది. తర్వాత విషయానికి వచ్చింది.

మొన్న సరదాకు అన్ననని ఒక్క ముక్క రాసివ్వండి తాతగారూ అన్నది. అట్ల రాసిస్తే నా కుర్చీ నాదే, నేను చెప్పినయ్ అన్నీ నిలబడతయ్. రాసియ్యకుంటే, నా జ్ఞాపకం ఎప్పటి నుంచి చెడిందో ఎవరికీ తెల్వదు గనుక, జనవరి నుంచి ఈ ఏడు నేను చెప్పింది మొత్తం కొట్టేస్తరట. అంతకు ముందు చెప్పినయ్ మాత్రం ఉంటయ్, అప్పుడు మతి బాగుండె. బలరాం తీర్మానం అది. కమిటీ నుంచి కూడ తీసేస్తరు.

ఈ ఏడు నేను ఎన్ని చెప్పిన అని అడిగిన.

సంచిలోంచి రిజిస్టర్ తీసి తిప్పింది. తిప్పిన పేజీలే మళ్లీ తిప్పింది. ఒక్కటే అన్నది. లిదియా గోడ.

బయట మేక ఒకటి మా అరుగు మీదికెక్కి దిగింది. పద్మప్రియ రిజిస్టర్ మూసి, నేనేం చెప్పలేదు తాతగారూ, రూలు చదివిన అంతే అన్నది. చాయ్ పెడతనంటే వద్దని బస్సుకు పోయింది.

జులై 12

నాది లావు టేపు, గోధుమ రంగు, కొస ఇత్తడిది. ఇరవై ఏడేండ్లు దుంగల చుట్టుకొలత రాసిన. కాంట్రాక్టరు కండ్లెర్ర చేసినా, గార్డు చాయ్ తాపినా, ఒక్క వేలు మందం ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు. కథల సంగతి వేరు. కొలతల్లో మాత్రం చెంచురామయ్య మాటంటే మాట. లిదియా గోడ కథ కాదు, అడితి కొలతే. అందుకే ఆ రోజు నోరు అబద్ధమాడలేదు.

ఇప్పుడు నేను చెప్పిన అబద్ధాలన్నీ ఉంచి, ఆ ఒక్క కొలతను చెరిపేస్తరు. పైగ నన్ను మతిలేనోడని రాస్తరు. ఆ రాసింది నేను పోయినంక కూడ ఆ రిజిస్టర్లో ఉంటది.

రాసిస్తే కుర్చీ ఉంటది. ద్వాలి హోటల్ల కూడ నా బెంచీ నాకుంటది.

జులై 17

వాన. బజారు చివర వాగు కనపడుతలేదు, చప్పుడు మాత్రం ఉంది. కాగితం తీసుకుని 'సరదాకు అన్నాను' అని రాసిన. అక్షరాలు బాగ వచ్చినయ్. మడిచి జేబులో పెట్టుకున్న.

జులై 23, మంగళవారం

పంచాయతీ హాలు నిండింది. నా కుర్చీలో బలరాం తమ్ముడు. నేను వెనక బెంచీ మీద, ద్వాలి పక్కన. కాగితం జేబులోనే ఉంది. పద్మప్రియ రెండుసార్లు, తాతగారూ మీరేమన్న చెప్పాల్నా అని అడిగింది. ఏం లేదమ్మా అన్న. రెండోసారి తల అడ్డంగ ఊపిన.

తీర్మానం చదివిన్రు. వయోభారం వల్ల జ్ఞాపకశక్తి నమ్మదగినదిగా లేనందున అని ఉంది. రాత భాషలో ఆ మాట నున్నగ ఉంది, ఎక్కడా గుచ్చుకోదు. హాలులో ఎవరూ నా దిక్కు చూడలేదు. చూడకపోవడం చప్పుడైతదని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత లిదియా అప్లికేషన్. ఆ గోడ గురించి ఇప్పుడు ఆధారం ఏదీ లేదు, పాత కిటికీ ఎవరికన్న గుర్తుంటే చెప్పచ్చు, ఇద్దరు పెద్దలు చెప్తే చాలు అన్నది పద్మప్రియ.

లిదియా కొంగు కొస వేలికి చుట్టుకుంటు, విప్పుకుంటు కూర్చుంది.

అప్పుడు బలరాం లేచిండు. లేకేం, ఉండె అన్నడు. నాలుగు రెక్కల కిటికీ, గడియకు చేప బొమ్మ, మా అమ్మ చెప్పేది, ఎండాకాలం ఆ గూట్లో ఇప్పపూలు ఆరబోసేటోళ్లంట, ఆ వాసనకు బండ్లు తోలెటోళ్లు ఆగి మరీ పోయేటోళ్లు అన్నడు. చెప్తుంటే ఆయన కండ్లల్ల నీళ్లు. నేను ఆయన మొఖం పరీక్షగ చూసిన. అబద్ధం కాదు. నా కల ద్వాలి హోటల్లోంచి నడుచుకుంటు పోయి, నలభై రోజుల్లో వాళ్లమ్మ దాక పోయింది.

ద్వాలి నా పక్క నుంచే లేచి, అవ్ అవ్, చేప గడియ, నేను గుడ విన్న అన్నది. కూర్చుంటు నా మోకాలి మీద ఒక్కటి చరిచింది. ఆమెకు ఎంత గుర్తుందో ఎంత మరిచిందో తెల్వదు.

పద్మప్రియ హాలు దాటి నా దిక్కు చూసింది. నేను ఫ్యాను చూసిన. మూడు రెక్కలది, ఒకటి వంకర.

మంజూరు. చెప్పిన ఆధారం ప్రకారమే కట్టాలె అని షరతు.

ఇంటికొచ్చి జేబులోని కాగితం పొయ్యిలో పెట్టిన. వానకు తడిసింది, అంటుకోనీకి చాలాసేపు పట్టింది.

జులై 30

లిదియా ఇంటి గోడ పగలగొట్టిన్రు. లోపల నల్లరాయి, మట్టి. రాయి వెనక రాయి. ద్వారబంధం లేదు, మేకు లేదు, పుల్ల లేదు. పద్మప్రియ వంగి బొక్కలోకి చాలాసేపు చూసింది. ఇన్నయ్య రాయి చేత్తో తుడిచి, పాత కిటికీని చెదలు తిన్నట్టున్నయమ్మా అన్నడు. రాయి కట్టి పోయినయా చెదలు అన్నది ఆమె. మా దిక్కు చెదలు అంత పనిమంతులమ్మా అన్నడు. ఆమె పెన్ను అటు తిప్పి ఇటు తిప్పి, 'చెదలు' అని రాసింది. నవ్వలేదు. బస్సెక్కినంక కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

ఆగస్టు 2

ఇన్నయ్య వచ్చిండు. చేప మూతి ఏ దిక్కు ఉండె కాకా అని అడిగిండు. నాకేం తెలుసు, నాకు మతి లేదు గద, పోయి బలరాంను అడుగు అన్న. పోయి అడిగిండు. ఎడమ దిక్కు అన్నడట.

ఎడమ దిక్కే.

ఆగస్టు 6

కలలు రావడం లేదు. పొద్దున పదింటికి లిదియా ఇంటికి పోయిన. నాలుగు రెక్కలూ తెరిచి ఉన్నయ్. వీధిలో నిలబడి, గూట్లో చెయ్యి పెట్టి చూసిన. చెయ్యి గదిలోకి పోయింది. లోపల మగ్గం మీద పచ్చ జాకెట్టు. లిదియా తల ఎత్తకుండ, తాతా, కొంచెం పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డమొస్తున్నవ్ అన్నది.

జరిగిన.